ర్యామ్ ఎంతని కాదు.. దారులు ఎన్నని అడగండి!

మొన్న ఆదివారం రాత్రి పదిన్నరకి మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. హైదరాబాద్‌లో బీటెక్ రెండో సంవత్సరం. మామూలుగా వాడు ఫోన్ చేసే రకం కాదు, రీల్స్ పంపే రకం. ఫోన్ వచ్చిందంటే ఏదో గట్టి విషయమే ఉంటుంది.

"అన్నా, ల్యాప్‌టాప్ విషయంలో నన్ను మోసం చేశారు" అన్నాడు.

సంగతేంటంటే, వాడిదీ వాడి రూమ్మేట్‌దీ ఒకే మోడల్ ల్యాప్‌టాప్. అదే ప్రాసెసర్, అదే స్క్రీన్. ఇద్దరికీ 16 జీబీ ర్యామ్. కానీ ఒకే గేమ్, ఒకే సెట్టింగ్స్‌లో పెడితే రూమ్మేట్‌ది నీళ్లలా సాఫీగా నడుస్తోంది. మావాడిది ఆగి ఆగి వస్తోంది. వీడియో ఎడిటింగ్‌లో ప్రివ్యూ కూడా అంతే. ఫార్మాట్ కొట్టాడు, డ్రైవర్లు మార్చాడు, కూలింగ్ ప్యాడ్ కూడా కొన్నాడు. ఏం లాభం లేదు.

"నాన్న పత్తి అమ్మిన డబ్బుల్లోంచి తీసిచ్చాడన్నా. ఇప్పుడు ఆయనకేం చెప్పాలి?" అన్నాడు. అసలు బాధ గేమ్ గురించి కాదని అప్పుడు అర్థమైంది.

"ముందు టాస్క్ మేనేజర్ తెరువు. పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి మెమరీ మీద నొక్కు. కింద 'స్లాట్స్ యూజ్డ్' అని ఉంటుంది, ఏం రాసుంది?"

"1 ఆఫ్ 2."

"మీవాడి దాంట్లో?"

పక్క మంచం మీంచి జవాబొచ్చింది: "2 ఆఫ్ 2."

అంతే. జబ్బు దొరికింది. మావాడి దాంట్లో 16 జీబీ కర్ర ఒక్కటే ఉంది. రూమ్మేట్ దాంట్లో 8 జీబీవి రెండున్నాయి. కూడితే రెండూ పదహారే. నడకలో మాత్రం తేడా ఉంది. ఎందుకో ఈ వారం చూద్దాం. కొత్త ల్యాప్‌టాప్ కొనేవాళ్లకీ, ఉన్నదాంట్లో ర్యామ్ పెంచుదామనుకునేవాళ్లకీ ఇది పనికొస్తుంది.

వడ్డించేవాడు ఒక్కడే అయితే..

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు కదా. కంప్యూటర్ లోపల మాత్రం వడ్డించేవాడు ఎవరన్నది కాదు, ఎంతమంది ఉన్నారన్నది లెక్క.

పెళ్లి భోజనాలు ఊహించుకోండి. గుండిగల్లో వండి సిద్ధంగా పెట్టిన అన్నం, పప్పు, సాంబారు.. అదీ ర్యామ్. ఎన్ని జీబీలంటే గుండిగలు ఎంత పెద్దవని. బంతిలో కూర్చుని తినేవాళ్లు ప్రాసెసర్ కోర్లు. గుండిగ నుంచి విస్తరి దాకా మోసుకొచ్చేవాడే మెమరీ ఛానెల్. గుండిగ ఎంత పెద్దదైనా వడ్డించేవాడు ఒక్కడే అయితే విస్తళ్ల ముందు జనం ఎదురుచూస్తూ కూర్చోవాల్సిందే.

ఇప్పుడు అంకెల్లో చూద్దాం. డీడీఆర్4 రకంలో ఒక ఛానెల్ వెడల్పు 64 బిట్లు. అంటే ఒక్క విడతకి 8 బైట్లు. డీడీఆర్4-3200 అని రాసుంటే సెకనుకు 320 కోట్ల విడతలు అని. ఎనిమిదితో గుణిస్తే సెకనుకు 25.6 జీబీ. ఇదీ మావాడి ల్యాప్‌టాప్ గరిష్ఠ రవాణా. రెండు ఛానెళ్లలో రెండు కర్రలుంటే 51.2 జీబీ. రూమ్మేట్‌ది అది.

మరి ఇంత తేడా ఉంటే బ్రౌజింగ్‌లో, కోడింగ్‌లో ఎందుకు తెలియలేదు? ఎందుకంటే ప్రాసెసర్ లోపల క్యాష్ అనే చిన్న నిల్వ ఉంటుంది. మాటిమాటికీ కావాల్సినవి అక్కడే దొరుకుతాయి. వర్డ్ ఫైలు, పైథాన్ ప్రోగ్రాం, యూట్యూబ్ లాంటి వాటికి ఒక్క ఛానెల్ సరిపోతుంది.

తేడా ఎక్కడొస్తుందంటే గ్రాఫిక్స్ దగ్గర. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ భాగం ప్రాసెసర్ చిప్‌లోనే ఉంటుంది. దానికి సొంత మెమరీ ఉండదు, అదే ర్యామ్‌ని వాడుకుంటుంది. అంటే బంతిలో మామూలు జనం పక్కనే విపరీతంగా తినేవాడొకడు కూర్చున్నట్టు. ప్రతి ఫ్రేముకీ బొమ్మలు, రంగులు, నీడలు అన్నీ ర్యామ్ నుంచే తెచ్చుకోవాలి. వడ్డించేవాడు ఒక్కడే అయితే అక్కడే ఇరుక్కుపోతుంది.

ఈ సంగతి చిప్ తయారీదార్లకు బాగా తెలుసు. ఇంటెల్ 11, 12 తరం ల్యాప్‌టాప్ చిప్‌లలో 'ఐరిస్ ఎక్స్‌ఈ' గ్రాఫిక్స్ ఉండేది. దానికి ఇంటెల్ పెట్టిన షరతు ఏంటో తెలుసా? మెమరీ మొత్తం 128 బిట్ల వెడల్పు ఉంటేనే, అంటే డ్యుయల్ ఛానెల్ అయితేనే ఆ పేరు. లేకపోతే అదే చిప్‌ను 'యూహెచ్‌డీ గ్రాఫిక్స్' అనే అనాలి. చిప్ మారలేదు, దారి సన్నబడితే పేరే మారిపోయింది!

మరి రెండు పెట్టొచ్చు కదా?

మావాడూ ఇదే అడిగాడు. "ఎటూ 16 జీబీ ఇస్తున్నారు. ఒకటి బదులు 8 జీబీవి రెండు పెట్టడానికేం రోగం?"

న్యాయంగా చూస్తే కంపెనీ వైపు కూడా ఒక మాట ఉంది. ఒక పెద్ద కర్ర కంటే రెండు చిన్న కర్రలకి సాధారణంగా కొంచెం ఎక్కువవుతుంది. రెండు బోర్డు ముక్కలు, రెండుసార్లు బిగింపు, రెండుసార్లు పరీక్ష. లక్షల ల్యాప్‌టాప్‌లు అమ్మేవాడికి ఒక్కోదానిమీద కొద్దిగా మిగిలినా చాలు, అది పెద్ద మొత్తమే.

రెండోది, కొనేవాడికి కూడా లాభం ఉంది. ఒక స్లాట్ ఖాళీగా ఉంటే రేపు ఇంకో 16 పెట్టి 32 చేసుకోవచ్చు. రూమ్మేట్ 32కి వెళ్లాలంటే ఉన్న రెండూ తీసేసి కొత్తవి రెండు కొనాలి. ఈ రోజు స్పీడు వాడిది, రేపటి సౌకర్యం మనవాడిది. కాబట్టి ఇది మోసం అనలేం. కానీ కొనేటప్పుడు ఆ మాట ఎవరూ చెప్పలేదు చూడండి, తప్పు అక్కడుంది. డబ్బా మీద '16 జీబీ' అని పెద్దగా రాస్తారు. ఒకటా రెండా అనేది రాసినా ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

నాలుగు ఎందుకు పెట్టరు?

రెండు మంచిదైతే నాలుగు ఇంకా మంచిది కదా? ఇక్కడే అసలు కథ ఉంది. ఛానెల్ అంటే గాల్లో గీసిన గీత కాదు, రాగి తీగలు. ఒక డీడీఆర్4 ఛానెల్‌కి డేటా తీగలే 64. వాటి టైమింగ్ చూసే తీగలు, అడ్రసు, కమాండ్, క్లాక్ తీగలు కలిపితే నూరు దాటిపోతాయి. కరెంటు, గ్రౌండ్ కాళ్లు వీటికి అదనం.

పైగా ఆ తీగలు ఎలా పడితే అలా లాగితే కుదరదు. 3200 స్పీడులో ఒక బిట్ ఉండే సమయం నానోసెకనులో మూడో వంతు కన్నా తక్కువ. అంతసేపట్లో సిగ్నల్ బోర్డు మీద సుమారు 5 సెంటీమీటర్లు వెళ్తుంది, అంతే. ఒక తీగ పొడుగు, ఒకటి పొట్టి అయితే కలిసి బయల్దేరిన బిట్లు వేర్వేరు సమయాల్లో చేరతాయి. అందుకే తీగల పొడవులు సరిపోలేలా గీస్తారు. మదర్‌బోర్డు మీద కొన్ని తీగలు పాములా వంకర్లు తిరిగి ఉంటాయి, ఎప్పుడైనా గమనించారా? అందం కోసం కాదు, పొట్టి తీగని సాగదీసి పొడుగుదానితో సమానం చేయడానికి!

ఛానెల్ పెరిగే కొద్దీ తీగలు పెరుగుతాయి. తీగలు పడకపోతే బోర్డులో పొరలు పెంచాలి. ప్రాసెసర్‌కి కాళ్లు పెంచాలి, సాకెట్ పెద్దదవ్వాలి, కరెంటు ఎక్కువ కావాలి. ఇవన్నీ ధరలోకి వస్తాయి. మీరు రెండో కర్ర కొన్నా కొనకపోయినా, ఆ దారి వేసిన ఖర్చు బోర్డు ధరలో ముందే కలిసిపోయి ఉంటుంది.

పాతికేళ్ల కొట్లాట

ఈ బేరం కొత్తదేం కాదు. 2000 నవంబరులో ఇంటెల్ పెంటియం 4 తెచ్చినప్పుడు ఆర్డీర్యామ్ అనే మెమరీతో జోడీ కట్టింది. ఒక్కో ఛానెల్ వెడల్పు 16 బిట్లే, కానీ వేగం చాలా ఎక్కువ. రెండు ఛానెళ్లు కలిపి సెకనుకు 3.2 జీబీ. ఆ రోజుల్లో అది పెద్ద అంకె. చిక్కేంటంటే కర్రలు జతలుగా కొనాలి, ఖాళీ స్లాట్లలో సిగ్నల్ తెగకుండా ఉత్తుత్తి కర్రలు పెట్టాలి. అన్నిటికీ మించి ధర మండిపోయేది. జనం వెనకాడారు.

మరుసటి ఏడాదే ఇంటెల్ దిగొచ్చింది. అదే పెంటియం 4ని మామూలు ఎస్‌డీర్యామ్‌తో నడిపే 845 చిప్‌సెట్ తెచ్చింది. స్పీడు సెకనుకు ఒక జీబీకి కాస్త పైన, అంటే మూడో వంతుకి పడిపోయింది. అయినా జేబుకి అందే ధరలో ఉంది కాబట్టి అదే నడిచింది. చివరికి 2003లో మామూలు డీడీఆర్‌నే రెండు ఛానెళ్లలో పెట్టి 6.4 జీబీ సాధించారు. ఖరీదైన సన్న దారిలో పరుగెత్తడం కన్నా చవకైన వెడల్పు దారిలో నడవడమే గెలిచింది.

ఏఎండీది ఇంకా స్పష్టమైన ఉదాహరణ. 2003లో అథ్లాన్ 64 వచ్చినప్పుడు మెమరీ కంట్రోలర్‌ని ప్రాసెసర్ లోపలికే తెచ్చారు. దాంతో తీగలన్నీ ప్రాసెసర్ కాళ్ల మీదికే వచ్చాయి. ఒక్క ఛానెల్ ఉన్న సాకెట్‌కి 754 కాళ్లు. 2004లో వచ్చిన రెండు ఛానెళ్ల సాకెట్‌కి 939. సాకెట్ పేర్లే ఖర్చు చెప్పేస్తున్నాయి!

2008లో ఇంటెల్ కోర్ ఐ7 మూడు ఛానెళ్లతో దిగింది. 1366 కాళ్లు. మరుసటి ఏడాది మామూలు జనం కోసం 1156 కాళ్ల సాకెట్ తెచ్చి, మళ్లీ రెండు ఛానెళ్లకే వచ్చేసింది. ఆ కాళ్ల తేడా అంతా మెమరీ వల్లే కాదు గానీ, రోజువారీ పనిలో మూడో ఛానెల్ పోయినట్టు చాలామందికి తెలియను కూడా తెలియలేదు. అప్పట్నుంచి మామూలు డెస్క్‌టాప్ రెండు దగ్గరే ఆగిపోయింది. ఇప్పటి ఏఎండీ ఏఎం5 సాకెట్‌కి 1718 కాళ్లున్నా ఛానెళ్లు రెండే. సర్వర్లలో మాత్రం 2022లో వచ్చిన ఏఎండీ సాకెట్‌కి 12 ఛానెళ్లు, 6096 కాళ్లు. నూరు మంది పనిని ఒక్క మిషన్ చేసేచోట ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది. మన హాస్టల్ రూములో గిట్టదు.

మీ చేతిలో ఉన్న ఫోన్ సంగతి?

ఇది చదువుతున్న ఫోన్‌లో కూడా ఇదే బేరం నడుస్తోంది. ఫోన్ ర్యామ్‌ని ఎల్పీడీడీఆర్ అంటారు. దాని ఛానెల్ వెడల్పు 16 బిట్లే. ఖరీదైన ఫోన్లలో అలాంటివి నాలుగు, మొత్తం 64 బిట్లు. చవక ఫోన్ చిప్‌లలో చాలావాటికి రెండే, అంటే 32 బిట్లు. రెండు ఫోన్ల మీదా '8 జీబీ' అని రాసుండొచ్చు. లోపల దారి మాత్రం సగం.

ఎల్పీడీడీఆర్5 రకం 6400 స్పీడుతో 64 బిట్లలో నడిస్తే సెకనుకు 51.2 జీబీ. పైన రూమ్మేట్ ల్యాప్‌టాప్‌కి వచ్చిన అంకే ఇది! అంత చిన్న ఫోన్‌కి అదెలా సాధ్యం? చాలా ఫోన్లలో ర్యామ్ చిప్‌ని ప్రాసెసర్ నెత్తి మీదే అతికించేస్తారు. తీగ పొడవు మిల్లీమీటర్లకి తగ్గిపోతుంది. పొట్టి తీగలో వేగం ఎక్కువ, బ్యాటరీ ఖర్చు తక్కువ. మూల్యం ఏంటంటే, అతికించింది అతికించినట్టే. తర్వాత పెంచుకోలేం.

ఆపిల్ ఎం1 ల్యాప్‌టాప్ 2020లో అంత ఆశ్చర్యపరచడానికి ఒక కారణం ఇదే. ర్యామ్‌ని ప్రాసెసర్ ప్యాకేజీలోనే పెట్టి 128 బిట్లతో సెకనుకు 68 జీబీ రాబట్టారు. కొన్నాక ఒక్క జీబీ కూడా పెంచుకునే దారి లేదు. అక్కడ కూడా బేరం తప్పలేదు. ఎం2 ప్రోలో 256 బిట్లున్న దారిని 2023లో ఎం3 ప్రోకి వచ్చేసరికి 192కి తగ్గించారు. సెకనుకు 200 జీబీ కాస్తా 150 అయింది. కొత్త మోడల్ అంటే అన్నీ పెరుగుతాయన్న గ్యారంటీ లేదు!

డీడీఆర్5 కొంటే ఒక్కటి చాలంట కదా?

షాపుల్లో ఈ మధ్య బాగా వినిపిస్తున్న మాట: "డీడీఆర్5 ఒక్క కర్రే డ్యుయల్ ఛానెల్ సార్." ఇందులో సగం నిజం ఉంది. డీడీఆర్5 కర్రలో 64 బిట్ల దారిని రెండు 32 బిట్ల దారులుగా చీల్చారు. దీనివల్ల రెండు వేర్వేరు పనులు ఒకేసారి అడగొచ్చు, ఎదురుచూపు కొంచెం తగ్గుతుంది. కానీ మొత్తం వెడల్పు పెరగలేదు, 64 అలాగే ఉంది. ఒక రోడ్డు మధ్యలో డివైడర్ కట్టినంత మాత్రాన రెండు రోడ్లు అవ్వవు కదా.

డీడీఆర్5-5600 ఒక్క కర్రతో సెకనుకు 44.8 జీబీ వస్తుంది. పాత డీడీఆర్4 జోడీకి దగ్గరగా ఉంటుంది కాబట్టి దెబ్బ తక్కువ తెలుస్తుంది. రెండో కర్ర పెడితే అదే 89.6 అవుతుంది.

ఇంకో చిక్కు డెస్క్‌టాప్ కట్టించుకునేవాళ్లకి. బోర్డులో నాలుగు స్లాట్లున్నాయంటే నాలుగు ఛానెళ్లని కాదు, ఛానెల్‌కి రెండు స్లాట్లని. ఒకే దారి మీద రెండు కర్రలు వేలాడదీస్తే సిగ్నల్ పాడవుతుంది, వేగం తగ్గించాల్సి వస్తుంది. రైజెన్ 7000కి ఏఎండీ ఇచ్చిన లెక్కే చూడండి: రెండు కర్రలైతే 5200, నాలుగైతే 3600. అందుకని 32 జీబీ కావాలంటే 8వి నాలుగు కాదు, 16వి రెండు తీసుకోండి.

కొనే ముందు ఇవి చూసుకోండి

• ఎన్ని జీబీలని అడిగాక ఆగకండి. "సింగిలా డ్యుయలా? స్లాట్లు ఎన్ని? ఒకటి ఖాళీ ఉందా?" అని అడగండి.

• ర్యామ్ బోర్డుకే అతికించి ఉందంటే అదే ఫైనల్. కొనేటప్పుడే కాస్త ఎక్కువ తీసుకోవాలి. కొన్నిట్లో 8 జీబీ అతికించి, ఒక స్లాట్ ఖాళీగా ఉంటుంది. దాంట్లో ఇంకో 8 పెడితే డ్యుయల్ అవుతుంది.

• గేమ్స్, ఎడిటింగ్ ఉండి, విడి గ్రాఫిక్స్ కార్డు లేకపోతే డ్యుయల్ తప్పనిసరి అనుకోండి. విడి కార్డుంటే దాని మెమరీ దానికే ఉంటుంది కాబట్టి తేడా తగ్గుతుంది.

• ల్యాప్‌టాప్‌లో సొంతంగా ఏఐ మోడల్ నడపాలనుకుంటే ఇది ఇంకా ముఖ్యం. 4 జీబీ మోడల్ ఒక్కో ముక్క రాయడానికి దాదాపు ఫైలంతా ఒకసారి చదవాలి. 25.6 దారిలో సెకనుకు ఆరు ముక్కలు దాటవు. 51.2 అయితే పన్నెండు దాకా.

• చదువు, కోడింగ్, ఆన్‌లైన్ క్లాసులే పని అయితే సింగిల్ 16 జీబీ నిశ్చింతగా తీసుకోండి. సింగిల్ 16కీ, 4 జీబీవి రెండు పెట్టిన 8కీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే పదహారే మేలు. గుండిగలో అన్నమే అయిపోతే ఎంతమంది వడ్డించేవాళ్లుండి ఏం లాభం?

ఇంతకీ మావాడు ఏం చేశాడు?

2025 చివర్నుంచి ర్యామ్ ధరలు ఎలా ఎగిశాయో తెలుసుగా. ఏఐ సర్వర్లే సరుకంతా లాగేసుకుంటున్నాయి. ఇంకో 16 కొనేంత డబ్బు వాడి దగ్గర లేదు. అందుకని మధ్యే మార్గం చెప్పాను. 16 పక్కన 8 పెట్టినా పనవుతుంది. ఇంటెల్ దీన్ని ఫ్లెక్స్ మోడ్ అంటుంది. పెద్ద కర్రలో 8, చిన్న కర్రలో 8 కలిసి డ్యుయల్‌గా నడుస్తాయి. మిగిలిన 8 సింగిల్‌గా ఉండిపోతుంది. మొత్తం 24.

వాడు ఓ పెళ్లి వీడియో ఎడిట్ చేసిన డబ్బుతో సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లి, వాడిన 8 జీబీ కర్ర ఒకటి అక్కడికక్కడే పెట్టించి చూసుకుని మరీ కొన్నాడు. రాత్రి స్క్రీన్‌షాట్ పంపాడు. 'స్లాట్స్ యూజ్డ్: 2 ఆఫ్ 2'.

"నాన్నకి చెప్పావా?" అని అడిగా.

"చెప్పానన్నా. ల్యాప్‌టాప్ మంచిదే, ఒక దారి మూసి ఉంటే తెరిపించానని చెప్పా. మన చేలో కాలవ లాగానా అన్నాడు. అవునన్నా."

మేం ఇన్ని అంకెలతో చెప్పింది చిన్నాన్న ఒక్క మాటలో తేల్చేశాడు. చెరువు ఎంత నిండుగా ఉన్నా కాలవ సన్నగా ఉంటే మడి చివరకి నీళ్లు రావు. కాలవ వెడల్పు చేస్తే ఆ మేరకు భూమి పోతుంది. ఎంత వెడల్పు కావాలో మీ పంటని బట్టి మీరే తేల్చుకోవాలి. ముందు మీ ల్యాప్‌టాప్‌లో ఆ స్లాట్ల లెక్క ఒకసారి చూసుకోండి మరి. వచ్చే వారం కలుద్దాం.